గట్టు మీద విన్నది

ఇందుజ వాళ్ళమ్మ బేబీరాణి అత్త ఇంటింటికీ తిరుగుతోంది. ఏడవడం లేదు. ఎవరినీ తిట్టడం లేదు. ఆ ఆదివారం చెరువు గట్టు మీద కూర్చున్న పిల్లల ఇళ్ళకి ఒక్కొక్కటిగా వెళ్ళి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు ఇస్తే తాగి, ఒకే ప్రశ్న అడుగుతోంది. కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు మీకేం వినపడింది?

ముందు గోపీచంద్‌ని అడిగింది. వాడు ఏరేటర్ల చప్పుడు అన్నాడు. చెరువు నీళ్ళలో గాలి కలపడానికి తిరిగే చక్రాలవి, ఎప్పుడూ మోగుతూనే ఉంటాయి. తర్వాత అఖిలని అడిగింది. అఖిల కూడా ఏరేటర్లే అంది. మిగతావాళ్ళూ అదే చెప్పారు. మేమెవరమూ కూర్చుని కూడబలుక్కోలేదు. అయినా అందరి నోటా అదే మాట వచ్చింది. ఇక మిగిలింది నేనూ, మానసా.

మానసా నేనూ ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ. ఇప్పుడు పదో తరగతి. ఆ రోజు మేం నిజంగా విన్న చప్పుడు ఇంకొకటి ఉంది. దానికి పేరు పెట్టి పైకి చెప్పింది మానస. ఆ సంగతి బేబీరాణి అత్తకి తెలియకూడదు. తెలిస్తే అత్త ఏం చేస్తుందో నేను చెప్పలేను గానీ, మానస ఏమవుతుందో మాత్రం చెప్పగలను. ఇప్పటికే అది సగానికి సగం తగ్గిపోయింది.

మాది కొల్లేటి లంక. చుట్టూ చేపల చెరువులు, చెరువుల మధ్య గట్లు, ఆ గట్ల చివర మా ఇళ్ళు. వానాకాలం వరద వస్తే స్కూలు ఆటస్థలం మోకాలి లోతు నీళ్ళలో ఉంటుంది. నీళ్ళు తీశాక చలికాలం దాకా బురదే. అందుకని మా హైస్కూలుకి వ్యాయామం మాస్టారుగా ఎవరొచ్చినా సంతకం పెట్టి స్టాఫ్‌రూములో కూర్చునేవారు. ఈ ఏడు వచ్చిన భానుప్రకాష్ మాస్టారు అలా కూర్చోలేదు.

ఆయనది తాడేపల్లిగూడెం. అక్కడి పాత రన్‌వే మీదా, మూతబడిన ఒక రైస్‌మిల్లు గోడల మీదా స్నేహితులతో కలిసి పార్కౌర్ నేర్చుకున్నారట. ఆ పేరు మేమెవరమూ అంతకుముందు వినలేదు. దారిలో గోడ వస్తే ఎక్కి, కాలవ వస్తే దూకి, కమ్మీ వస్తే కిందనుంచి దూరి, దెబ్బ తగలకుండా వెళ్ళిపోవడమే పార్కౌర్ అని చెప్పారు. అయితే కోతి పనేనాండీ అని గోపీచంద్ అడిగాడు. అవును, కోతి కంటే మంచి మాస్టారు లేడు అన్నారాయన. ఆ సాయంత్రానికే ఊళ్ళో దానికి కోతి చదువు అని పేరు పడిపోయింది.

చెరువుల గట్ల మీద నేర్పించడానికి వీర్రాజు మావయ్యని అడగాలి. ఆ చెరువులు ఆయన లీజువి. మాస్టారు అడిగితే మావయ్య చాలాసేపు నవ్వి, "ఏవండీ మాస్టారూ, మా పిల్లలకి గెంతడం కూడా నేర్పాలాండీ? గెంతకుండా కుదురుగా కూర్చోడం నేర్పండి, అది చాలు" అన్నాడు. అదీ నేర్పుతానండి అన్నారు మాస్టారు.

నిజంగానే ఆ రెండూ నేర్పారు.

ఆదివారం పొద్దున్నే గట్టు మొదట్లో చెప్పులు వరసగా విడిచి, వట్టికాళ్ళతో మొదలుపెట్టేవాళ్ళం. కాలవ మీద అడ్డంగా వేసిన పైపు మీద నాలుగు కాళ్ళ జంతువులా పాకేవాళ్ళం. మేత బస్తాల దొంతర ఎక్కి దూకేవాళ్ళం. ఒడ్డున కట్టేసిన దోనెలోంచి గట్టు మీదికి, గట్టు మీంచి దోనెలోకి, దోనె ఊగకుండా దిగాలి. ఒక్కోసారి ఊరికే ఆటలు. మాస్టారు గూడబాతు, మేం చేపలం. ఆయనకి చిక్కకుండా గట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి పోవాలి. పదో తరగతి పిల్లలం, చిన్నపిల్లల్లా కేకలు పెట్టేవాళ్ళం. చేపలకి మేత వేసే కృష్ణబాబు బాబాయ్ దోనె ఆపుకుని మమ్మల్ని చూసి, ఈ ఏడు పరీక్షలు రాయడం కూడా చెట్టెక్కి రాస్తారేమో అనేవాడు.

నాకు క్లాసులో లేచి మాట్లాడాలంటే చెమటలు పడతాయి. ఇంట్లో నన్ను మూగమొద్దు అంటారు. గట్టు మీద ఎవరూ నన్ను గట్టిగా చెప్పు, ఇంకా గట్టిగా చెప్పు అనలేదు. అక్కడ ఎంత చప్పుడు లేకుండా ఉంటే అంత బాగా వచ్చినట్టు. దూకి దిగినప్పుడు నేల మీద చప్పుడు వచ్చిందంటే ఆ దెబ్బ మోకాలికి తగిలినట్టే అని మాస్టారు చెప్పేవారు. మాకు వీపు తిప్పి నిలబడి దూకమనేవారు. ఆయనకి వినపడితే మళ్ళీ దూకాలి.

ఇందుజ దూకితే ఆయనకి ఎప్పుడూ వినపడేది కాదు. దూకావా, ఇంకా లేదా అని అడిగేవారు. అది ఆయన వెనకే నిలబడి ఉండేది. మేం పగలబడి నవ్వేవాళ్ళం. సన్నగా, పొడుగ్గా ఉండేది ఇందుజ. కుదురు లేదు. బళ్ళో బెంచీ మీద కూర్చున్నా కాళ్ళు ఆడిస్తూనే ఉండేది. అది దూకుతుంటే వీర్రాజు మావయ్య కూడా ఫోన్ మాట్లాడటం ఆపి చూసేవాడు.

చివర్లో అందరం గట్టు మీద వరసగా, చెరువు వైపు తిరిగి కూర్చునేవాళ్ళం. కళ్ళు మూసుకోవాలి. ఊపిరి గమనించాలి. తర్వాత చుట్టూ ఏమేం వినపడుతున్నాయో వినాలి. ఇది ధ్యానమాండీ అని అఖిల అడిగితే, అంత పెద్ద మాట వద్దు, ఉన్నచోట ఉండటం అనుకో అన్నారు. కాసేపయ్యాక ఎవరినో ఒకరిని పేరు పెట్టి పిలిచి, ఇప్పుడు విన్నది ఏమిటి అని అడిగేవారు. కిక్కిస గడ్డిలో గాలి అనో, నీటికోడి అనో, పిట్టల్ని తోలడానికి పక్క చెరువు మీద కాల్చిన టపాకాయ అనో చెప్పాలి. అందులో మానసని మించినవాళ్ళు లేరు. ఏ చెరువులో ఏరేటరు ఆగిందో కూడా చెప్పేది. దానికి చదువులో మార్కులు తక్కువ. ఆటల్లో బరువు. ఎవరి చేతా మెప్పు పొంది ఎరగదు. మాస్టారు శభాష్ మానసా అన్నప్పుడల్లా, కళ్ళు మూసుకునే నా చెయ్యి నొక్కేది.

చెరువులోకి కాలవ నీళ్ళు వదిలే తూము దగ్గర రెండు సిమెంటు గోడలు ఉంటాయి. మధ్యలో, తలుపు పైకెత్తే ఇనప మర. ఒక గోడ మీంచి ఇంకో గోడ మీదికి దూకాలని ఇందుజకి మొదటి వారం నుంచీ కోరిక. ఆ దూరం దానికి లెక్కే కాదు. కానీ వరద తీశాక ఆ గోడల మీద పాచి పట్టి ఉంది. మాస్టారు వేలితో గీకి ఆ పచ్చటి జిగురు మాకు చూపించారు. ఎండ బాగా కాసి, పాచి గీకించాక గానీ ఎవరూ ఆ గోడ ఎక్కకూడదన్నారు. ఇందుజ ప్రతి ఆదివారం అడిగేది. ఆయన ప్రతి ఆదివారం కాదనేవారు. ఇలా అయితే నేను పెళ్ళయి వెళ్ళిపోతానండీ మాస్టారూ అని అది బుంగమూతి పెడితే, పాచి ఆరడానికీ నీ పెళ్ళికీ సంబంధం లేదులే అన్నారు.

కార్తీకంలో ఆ ఆదివారం వచ్చింది. మంచు పడుతోంది. ఆటలయ్యాక వరసగా కూర్చున్నాం. నా పక్కన మానస, తర్వాత అఖిల, గోపీచంద్, మిగతావాళ్ళు. తూము వైపు చివర ఇందుజ. ఇటు చివర మాస్టారు. ఆయన కూడా మాతోపాటే కళ్ళు మూసుకున్నారు. ఎప్పుడూ అలాగే చేసేవారు.

చాలాసేపు ఏమీ లేదు. ఏరేటర్లు. ఎక్కడో కొంగ. నా గుండె నాకే వినపడుతోంది. అప్పుడు నీళ్ళలో బుడుంగుమని చప్పుడైంది.

"ఇప్పుడు విన్నది ఏంటి? మానసా, నువ్వు చెప్పు" అన్నారు మాస్టారు.

"కట్ల చేప ఎగిరిందండీ. పెద్దదే" అంది మానస.

అటువైపు ఎవరో నవ్వారు. "శభాష్" అన్నారు మాస్టారు. "అది మళ్ళీ ఎగురుతుందేమో వినండి. ధ్యాసంతా అక్కడే పెట్టండి."

మేం విన్నాం. అంత శ్రద్ధగా నేను జన్మలో ఏదీ వినలేదు. మానస నా చెయ్యి నొక్కింది. నేనూ కట్లే అనుకున్నాను. మంచు ముఖానికి చల్లగా తగులుతోంది. హాయిగా ఉంది. ఆ చేప మళ్ళీ ఎగరాలని ఎదురుచూశాను. ఎగరలేదు.

కళ్ళు తెరిచేసరికి వరస చివర ఇందుజ లేదు. ఎప్పటిలా ఎక్కడో నక్కి మమ్మల్ని ఏడిపిస్తోందనుకున్నాం. గోపీచంద్ మేత బస్తాల వెనక చూశాడు. అఖిల, ఒసేయ్ రావే, టిఫిన్ టైమైంది అని అరిచింది. చెప్పుల వరసలో దాని చెప్పులు ఉన్నాయి, కాబట్టి ఇంటికి వెళ్ళలేదు. మాస్టారు తూము వైపు నడిచారు. గోడ మీది పాచిలో, కాలు జారినంత మేర ఒక చార కనపడింది. ఆయన బట్టలతోనే నీళ్ళలోకి దూకారు.

ఇందుజకి ఈత రాక కాదు. మా లంకలో ఈత రాని పిల్లలు ఉండరు. జారినప్పుడు తల ఇనప మరకి తగిలింది. తెలివి తప్పి నీళ్ళలో పడింది. మాస్టారు మళ్ళీ మళ్ళీ మునిగారు. ఆ నల్లటి నీళ్ళలో ఏమీ కనపడదు. కృష్ణబాబు బాబాయ్ దోనె తెచ్చి గడతో వెతికాడు. తూము తలుపు కింద దొరికింది. మాస్టారు గట్టు మీద పడుకోబెట్టి ఛాతీ నొక్కుతూనే ఉన్నారు. బాబాయ్ ఆయన భుజం పట్టుకుని, "ఇంక చాలండి మాస్టారూ" అన్నాడు. ఆయన వినలేదు. బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఏలూరు తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరు చూసి, ముందే పోయిందని చెప్పాడట.

తర్వాత జరిగినవన్నీ ఊరికి తెలుసు. పోలీసులు వచ్చారు. హెడ్మాస్టరు గదిలో మమ్మల్ని ఒక్కొక్కరినీ పిలిచి, దూకమని మాస్టారు చెప్పారా అని అడిగారు. లేదు, వద్దన్నారని అందరం చెప్పాం. ఏం విన్నారని వాళ్ళు అడగలేదు. మాస్టారిని స్టేషనుకి తీసుకెళ్ళారు. పెద్దమనుషులతో మా నాన్న కూడా వెళ్ళాడు. మాస్టారు తప్పించుకోవడానికి ఒక్క మాట కూడా అనలేదని ఇంటికొచ్చి చెప్పాడు. "పిల్లల చేత కళ్ళు మూయించింది నేను. నేనూ మూసుకున్నాను. అక్కడ చూడాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే" అన్నారట. ఏమైనా చప్పుడు వినపడిందా అని ఎస్సై అడిగితే, ఏమీ లేదండి అన్నారట.

ఆయన ఎందుకలా చెప్పారో మా నాన్నకి తెలియదు. నాకు తెలుసు.

తర్వాత బెయిలు మీద వచ్చారని విన్నాం. మళ్ళీ మా లంకకి రాలేదు. వీర్రాజు మావయ్య ఆ తూము గోడల మీద గాజుపెంకులు నాటించాడు. ఊళ్ళో ఎవరింట్లో పిల్లాడు గెంతినా ఇప్పుడు వీపు పగులుతోంది.

చెరువులో చేపల పట్టుబడి ఆగలేదు. ఐసు, లారీలు ముందే మాట్లాడుకున్నవి. ఆపితే చేప చస్తుందన్నారు. చిన్నకర్మ అయిన మర్నాడే వల దింపారు. మా నాన్న వల లాగే జట్టులో ఉన్నాడు, వెళ్ళక తప్పలేదు. ఎప్పుడూ పట్టుబడి రోజున తువ్వాలులో చేప కట్టి తెచ్చేవాడు. ఆ రోజు వట్టి చేతులతో వచ్చాడు. కుళాయి కింద కాళ్ళు రుద్ది రుద్ది కడుక్కుని, అన్నం తినకుండా పడుకున్నాడు. ఆ చెరువు చేప మా లంకలో ఎవరూ వండలేదు. లారీలు కలకత్తా వెళ్ళిపోయాయి.

వల దగ్గరికి లాగినప్పుడు కట్లలు ఒక్కసారిగా ఎగురుతాయి. ఆ చప్పుడు ఊరంతా వినపడుతుంది. నేను మానస ఇంటికి పరిగెత్తాను. లోపలి గదిలో మిక్సీ మోగుతోంది. జారులో ఏమీ లేదు. మానస దాని పక్కన మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి, పొద్దున్నుంచీ ఇదే వరసే తేజా, కాలిపోతుందంటే వినదు అంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. వలల వాళ్ళ కేకలు ఆగేదాకా మిక్సీ తిరుగుతూనే ఉంది. గదంతా కాలిన వాసన.

మానస బడికి రావడం మానేసింది. అంట్లు తోమే నీళ్ళ చప్పుడుకి కూడా ఉలిక్కిపడేది. తిండి లేదు. ఒకరోజు నేను నోట్సు ఇవ్వడానికి వెళితే, దొడ్లోకి తీసుకెళ్ళి నా జడ పట్టుకుంది.

"నేను ఆ మాట అనకపోతే మాస్టారు కళ్ళు తెరిచేవారు కదే?"

"ఏమో. నేనూ అదే అనుకున్నాను, మానసా. అందరం అదే అనుకున్నాం."

"మీరు అనుకున్నారు. నేను చెప్పాను."

 అత్త వచ్చి అడిగితే ఏం చెప్తావని అడిగింది. చెప్పనన్నాను. మీ నానమ్మ మీద ఒట్టు పెట్టమంది. పెట్టాను.

వాళ్ళమ్మా నాన్నా ఆలోచించి, పెదవేగిలో ఉన్న పిన్ని ఇంటికి పంపిద్దామనుకున్నారు. అక్కడ ఎటు చూసినా పామాయిల్ తోటలే. పరీక్షలు అక్కణ్ణుంచే రాస్తుందిలే అన్నారు. అసలు కారణం వాళ్ళకి తెలియదు. స్నేహితురాలు పోయిన దిగులు అనుకున్నారు. ప్రయాణం రోజున వాళ్ళమ్మ మానసని మా ఇంట్లో వదిలి, సంచులు సర్దుకుని ఆటో తెస్తానని వెళ్ళింది. నేను మానసకి జడ వేస్తున్నాను. మా నానమ్మ అమ్మాజీ చింతపండు గింజలు తీస్తోంది.

అప్పుడే బేబీరాణి అత్త వచ్చింది.

నానమ్మ పీట వేసింది. అత్త కూర్చుంది. మంచినీళ్ళు తాగింది. ఆవిడ చీర కుచ్చెళ్ళకి బురద ఎండి ఉంది. గట్ల మీంచి నడిచి వచ్చినట్టుంది. మానస లేచి లోపలికి వెళ్ళబోయింది. "కూర్చో తల్లీ, నిన్ను కూడా చూసి పోదామనే వచ్చాను" అంది అత్త. మానస స్తంభం పట్టుకుని నిలబడిపోయింది.

అత్త నావైపు తిరిగింది. "నువ్వు మాట్లాడవు గానీ అన్నీ వింటావని మా ఇందు చెప్పేది. ఆ రోజు ఏం విన్నావు తేజా?"

"ఏరేటర్లండి" అన్నాను.

"అందరూ అదే అన్నారు. ఒకే ముక్క, అక్షరం తేడా లేకుండా. అంతమంది పిల్లలు ఒకే ముక్క చెప్తే నాకేమనిపిస్తుంది చెప్పు?"

నానమ్మ చింతపండు పక్కన పెట్టింది. పసిపిల్లల్ని ఎందుకే బేబీ, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు అంది మెల్లగా. అత్త ఆ మాట విననట్టే ఉంది.

"నాకెవరి మీదా కోపం లేదమ్మా. మాస్టారి మీద కూడా లేదు. నేను తిండి తినాలి, పడుకోవాలి, వాళ్ళ నాన్నకి క్యారేజీ కట్టాలి. పడుకుంటే అది అరుస్తున్నట్టే ఉంటుంది. నన్ను పిలిచిందా? అది చెప్పు, వెళ్ళిపోతాను."

"లేదండి. అరవలేదు."

"నీకెలా తెలుసు?"

"అరిస్తే మాకు వినపడేదండి."

"అంటే ఏదో వినపడింది."

నేను చేతిలో ఉన్న రిబ్బను చూస్తున్నాను. నోరు విప్పకపోతే ఆవిడ మానస వైపు తిరుగుతుంది. మానసకి ఒక్క క్షణం కూడా దాచడం చేతకాదు. అది నాకు ఆ స్తంభం మీద దాని వేళ్ళు చూస్తేనే అర్థమైంది. అందుకే నేనే చెప్పేశాను.

"చేప ఎగిరిందండి. కట్ల. అదొక్కటే విన్నాం. నేనే విన్నాను."

 అత్త పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ కూడా కొల్లేటిలో వేట మీద బతికినవాళ్ళే. ఆవిడ చాలా నెమ్మదిగా, బళ్ళో పిల్లకి పాఠం చెప్పినట్టు చెప్పింది.

"కట్ల ఎగిరితే నీళ్ళు చీల్చుకుని లేచినప్పుడొక చప్పుడు, తిరిగి పడినప్పుడొక చప్పుడు. రెండుంటాయి. మధ్యలో చిన్న ఆగు. నీకూ తెలుసు కదా?"

తెలుసు. మా లంకలో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఎవరూ నేర్పరు, వింటూ పెరుగుతాం. ఆ పొద్దున్న గట్టు మీద చుట్టూ ఉన్నవన్నీ వింటున్నామనుకున్న మాలో ఒక్కరికీ అది తట్టలేదు. ఇన్నాళ్ళూ కూడా తట్టలేదు. నా వెనక మానస ఊపిరి ఆగిపోయింది. దానికి ఇప్పుడు తట్టిందని తెలిసింది.

"ఎన్ని విన్నావు?" అంది అత్త.

ఒకటి. బుడుంగుమని ఒకటే. తర్వాత ఏమీ లేదు, ఎంత విన్నా ఏమీ లేదు.

"రెండండి" అన్నాను.

నేను అంత గట్టిగా ఎవరి ముందూ ఎప్పుడూ మాట్లాడలేదు. నానమ్మ తలెత్తి నావైపు చూసింది. అత్త కూడా చూసింది. చాలాసేపు చూసింది. నేను కళ్ళు దించలేదు. దించితే అయిపోతుంది.

"రెండూ విన్నావా?"

"విన్నానండి. లేచిందీ, పడిందీ."

"అయితే చేపే" అంది అత్త.

మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది. గ్లాసు తీసి గుమ్మం పక్కన బోర్లించింది. మెట్లు దిగి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ ఆగింది. నావైపు కాదు, మానస వైపు చూసింది. ఇంతసేపూ దాన్ని ఒక్క మాట కూడా అడగలేదు.

"పెదవేగి వెళ్తున్నావంట కదమ్మా. అక్కడ చెరువులుండవు. మంచిదే. వెళ్ళు, బాగా చదువుకో."

అంతే. వీధిలోకి వెళ్ళిపోయింది. తర్వాత ఆవిడ ఎవరి ఇంటికీ వెళ్ళలేదు. క్యారేజీ కడుతోందని, తింటోందని, పడుకోవడం మాత్రం లేదని కృష్ణబాబు బాబాయ్ నాన్నతో చెప్తుంటే విన్నాను.

ఆవిడ మలుపు తిరిగాక మానస స్తంభం వదిలింది. అరచేతిలో సున్నం అంటుకుని ఉంది. సగం వేసిన జడ విప్పేసుకుని, జుట్టు ముడి పెట్టుకుంది.  నానమ్మ చింతపండు దగ్గరికి లాక్కుని మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టింది. 

ఆటో వచ్చింది. మానస వాళ్ళమ్మ ముందు సీటు పక్కన సంచులు సర్దుతోంది. నేను మానసతో రోడ్డు దాకా వచ్చాను. ఇంజను చప్పుడులో మా మాటలు వాళ్ళకి వినపడవు.

"ఒకటే కదే" అంది మానస.

"రెండు."

"తేజా, నేను నీ పక్కనే ఉన్నాను. ఒకటే."

"రెండే విన్నాను" అన్నాను. అత్త ముందు ఎంత గట్టిగా అన్నానో ఇప్పుడూ అంతే గట్టిగా అన్నాను. కావాలంటే ఇంకా గట్టిగా అనగలను. ఎన్నిసార్లు అడిగినా, ఎవరడిగినా అనగలను.

మానస నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. తల అడ్డంగా ఊపి ఆటో ఎక్కి, వాళ్ళమ్మ భుజం మీద తల పెట్టుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుంది.